చివరి మోటారు ముందు

స్టార్టర్ డబ్బా మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ రోజు కరెంటు ఎలా ఉందో చెప్పేది మా సువార్తత్త. మజ్జిగ గురించి చెప్పినట్టు చెప్పేది. "ఇయ్యాల చిక్కంగా ఉందే పాపా" అనో, "చానా పల్చన, అన్నీ నీళ్ళే" అనో. సగం సార్లు తప్పేది. నేను కాలేజీలో బతిమాలి తెచ్చుకున్న మీటరు పెట్టి, "కాదత్తా, చూడు" అంటే, "నీ మీటరు ముసల్దైపోయిందే" అని నెపం దాని మీదికి తోసేది. తప్పు ఒప్పుకోవడం ఆమెకి చేతకాని పనుల్లో ఒకటి. రెండోది, ఒకరి ముందు చెయ్యి చాపడం.

పోయిన నెల ఫోన్ చేసి, "పాత ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పడగొడతన్నారంట, రోడ్డు ఎడల్పు చేత్తారంట. వచ్చి చూసిపో" అంది. సిమెంటు దిమ్మెలో చూడ్డానికి ఏముందత్తా అన్నాను. "నీకేం తెలుసే" అని ఫోన్ పెట్టేసింది. ఆమె అలా పెట్టేసిందంటే వెళ్ళక తప్పదు. నరసరావుపేటలో బస్సెక్కి, పిడుగురాళ్ళలో మారి, గురజాల దాటాక మా ఊరి అడ్డరోడ్డులో దిగాను. అత్తకిప్పుడు ఎనభై దాటాయి. నా భుజం పట్టుకుని దిమ్మె దాకా నడిచింది కానీ, దారిలో నేను రెండుసార్లు ఆగానని, నా మోకాళ్ళని చూసి జాలిపడింది. మేం వెళ్ళేసరికి పొక్లెయిన్ వాడు సగం పడగొట్టేశాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడో తీసేశారు, మిగిలింది ఆ ఉత్త దిమ్మే. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దుమ్ము అణిగేదాకా చూసి, "పదవే, అన్నం తిందాం" అంది. ఇంటికొచ్చి గోంగూరలో ఉల్లిపాయ నంజుకుని తింటుంటే, ఆ దిమ్మె దగ్గర గడిచిన శీతాకాలమొకటి నాకు మొత్తంగా గుర్తొచ్చింది.

నేనప్పుడు నరసరావుపేటలో బీయస్సీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. క్రిస్మస్ సెలవులకి ఇంటికొస్తే, ఏదో సమ్మె వల్ల కాలేజీ తెరవక ఆ సెలవులు చాలా రోజులు సాగాయి. మా ఇల్లు నాపరాళ్ళ గోడల ఇల్లు. ఎండాకాలం పెనం, చలికాలం మంచు. నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు. తెల్లారగట్ల లేచి, చలికి తువ్వాలు తలకి చుట్టుకుని వాక్యం చదివేవాడు. ఆయన చదువుతుండగానే నాయనమ్మ పొయ్యి రాజేసేది. మిరప మోళ్ళే మాకు వంటచెరుకు. ఎండిన మోడులో ఎక్కడో ఒక కాయ మిగిలిపోయి ఉండేది. అది అంటుకుంటే ఇల్లంతా ఘాటు. ప్రార్థన మధ్యలో అందరం దగ్గేవాళ్ళం, నాన్న మాత్రం ఆపకుండా, కళ్ళనీళ్ళు కారుతున్నా "ఆమెన్" దాకా లాగేవాడు. ఊళ్ళోవాళ్ళు అది భక్తి అనుకునేవారు.

సువార్తత్త నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. ఊళ్ళోనే ఇచ్చారు. మామయ్య పచ్చకామెర్లతో పోయాక ఒక రేకు పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చింది. పెట్టెలో రెండు చీరలు, మామయ్య గళ్ళ లుంగీ ఒకటి, ఆయన బైబిలు. మామయ్య వాటా చేను మాత్రం ఉంది. దాని మీదే గొడవ. మరుదులిద్దరూ చెడ్డవాళ్ళు కాదు, కానీ లెక్క తెలిసినవాళ్ళు. "ఆడమనిషి మిరప ఎట్టా చేసిద్ది? చేను మాకిస్తే తినేదానికి గింజలు పంపిస్తాం" అన్నారు. అత్త ససేమిరా అంది. చివరికి సంఘ పెద్దల ముందు ఒక మాట ఖాయమైంది. ఒక్క పంట అత్త చెయ్యాలి. చేతికొస్తే చేను ఆమెది. నీళ్ళు పెట్టలేక పైరు ఎండబెట్టుకుంటే మరుదులది. అత్త ఆ మాటకి తల ఊపి వచ్చిందని తెలిసి నాయనమ్మ ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

ఆ చేను కాలువ నీళ్ళెక్కని మెరకలో ఉంది. నీళ్ళంటే బావి, బావంటే మోటారు. ఊరి పక్కన దిమ్మె మీద ట్రాన్స్‌ఫార్మర్, అక్కణ్ణుంచి చేల మీదుగా ఒకటే లైను, దాని పొడవునా మోటార్లు. దిమ్మె పక్కనే మొదటి మోటారు కోటయ్యది. లైను ఆఖర్న, ఇక స్తంభం లేని చోట, అత్తది.

ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు చెబుతూ నల్లబల్ల ముందు నిలబడిన అలవాటు కాబట్టి ఇక్కడ కాస్త పాఠం చెప్పక మానను. స్టార్టర్ డబ్బాలో ఒక తీగచుట్ట ఉంటుంది. దానికి తగినంత వోల్టేజీ అందితే అది అయస్కాంతమై ఇనుప పలకని లాక్కుని మోటారుకి దారి కలుపుతుంది. వోల్టేజీ తగ్గితే పలకని వదిలేస్తుంది, దారి తెగుతుంది. పచ్చ బొత్తాం నొక్కేది మనిషే అయినా, దాన్ని నిలబెట్టాలా పడెయ్యాలా అని తేల్చేది వోల్టేజీ. ఆ ఏడు ఎవడో చేతివాటమున్న కుర్రాడు ఊరూరా తిరిగి, ఆ బొత్తాం నొక్కే పని కూడా లేకుండా ఆటోమేటిక్ స్విచ్చులు, మా మాటలో ఆటోలు, బిగించాడు. కరెంటు రాగానే మోటారు తనంత తానే అందుకుంటుంది. చేను దాకా పరిగెత్తే పని తప్పిందని అందరూ మురిసిపోయి పెట్టించుకున్నారు. పెట్టించుకోనిది అత్త ఒక్కతే. ఎందుకంటే ఆమె బావిలో గొట్టం అడుగున నీళ్ళు ఆపే ఫుట్‌వాల్వు కారేది. ముందు బిందెతో నీళ్ళు పోస్తే తప్ప మోటారు నీళ్ళెత్తేది కాదు.

ఇక చూడాలి తమాషా. మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు మామూలుగా తాగే కరెంటుకి ఎన్నో రెట్లు తాగుతుంది. రోజుకి కొన్ని గంటలే, వంతుల లెక్కన, మోటార్లకిచ్చే త్రీఫేజు కరెంటు రాగానే లైను మీద మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి. అన్నీ కలిసి లాగేసరికి వోల్టేజీ కుప్పకూలేది. కూలేసరికి స్టార్టర్లు వదిలేసేవి. అవి వదిలేయగానే లైను తేలికై వోల్టేజీ మళ్ళీ లేచేది. లేవగానే ఆటోలన్నీ మళ్ళీ అందుకునేవి. టకటకా, టకటకా, చేలన్నీ పళ్ళు కొరికినట్టు చప్పుడు. కాసేపటికి దిమ్మె దగ్గర ఫ్యూజు ఢామ్మని పోయేది. ఫ్యూజు పోతోందని ఎవరో లావు తీగ కట్టారు. అప్పుడు ట్రాన్స్‌ఫార్మరే పోయింది. అది బాగై వచ్చేదాకా చేలు బీటలు వారాయి. వచ్చిన రోజునే మళ్ళీ టకటకా. అందరూ కరెంటాఫీసుని తిట్టారు, ఆటోలు పెట్టిన కుర్రాణ్ణి తిట్టారు. తన డబ్బా వైపు మాత్రం ఎవరూ చూసుకోలేదు.

ఒకవేళ ఆ గందరగోళం సర్దుకుని పై మోటార్లు నిలబడినా, ఆఖరిదాకా వచ్చేసరికి అత్తకి మిగిలేది ఆ నీళ్ళమజ్జిగే. బొత్తాం నొక్కి ఉంచితే మోటారు మూలిగేది, వేలు తీస్తే టక్కున పడిపోయేది. పూత మీదున్న మిరప తల వాల్చేసింది. ఒకరోజు అత్త విసిగిపోయి, గట్టి మిరప మోడొకటి విరిచి, బొత్తాం పైకి రాకుండా డబ్బా మూతకీ దానికీ మధ్య బిగించింది. మా పల్నాటి బుర్రకి తట్టే ఉపాయం అది. మాట వినకపోతే మెడ పట్టుకుని వినిపించడం. మోటారు కాసేపు రొద పెట్టింది కానీ తిరగలేదు. తర్వాత కాలిన వార్నిష్ వాసన. నేను గట్టు మీదున్నాను. ఆ వాసన ఒకసారి పీలిస్తే జన్మలో మరవం. అత్త మెయిన్ లాగేసి, చేతిలో విరిగిన మోడుతో చాలాసేపు అలాగే నిలబడింది. కాలిన మోటారుని పిడుగురాళ్ళ తీసుకెళ్ళి వైండింగు చేయించుకుని తెచ్చేసరికి చేనులో పడమటి వైపు సాళ్ళు పోయాయి. ఏసుపాదం, అంటే ఆమె పెద్ద మరిది, సైకిలు మీద పోతూ పోతూ ఆగి, ఆ సాళ్ళ వైపు ఒక చూపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అనుంటే బాగుండేది.

ఆ మర్నాడు నేను మీటరు పట్టుకుని లైను పొడవునా తిరిగాను. ఏ డబ్బా దగ్గర ఎంత అందుతోంది, పక్కవాడు వేస్తే ఎంత పడుతోంది, ఎక్కడ అందుకుంటోంది, ఎక్కడ వదిలేస్తోంది, అంతా చూశాను. పుస్తకంలో లేని సంగతొకటి అప్పుడు కంటబడింది. స్టార్టరు పలకని అందుకోవడానికి చాలా వోల్టేజీ కావాలి. కానీ ఒకసారి అందుకున్నాక, పట్టు వదలకుండా ఉండటానికి అంత అక్కర్లేదు. బాగా తగ్గినా పట్టుకునే ఉంటుంది. ఇది చెబితే అత్త పాలు పితుకుతున్నదల్లా తల తిప్పింది.

"అయితే నాది ముందు లెగిస్తే?"

"ముందంటే, లైను మీద ఇంకెవరూ లేనప్పుడా?"

"అదే. లైను ఖాళీగా ఉన్నప్పుడు నాది లెగిస్తే, తర్వాత ఎవుడెన్ని ఏసుకున్నా నాది పడిపోదుగా?"

"పడిపోదు. కానీ వాళ్ళు కూడా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వెయ్యాలి. చివర్నుంచి మొదటికి."

"అట్టయితే ఆటోలు పీకించాల" అని మళ్ళీ పాలకి తిరిగింది. ఊరి మగాళ్ళందరి చేతా ఆటోలు పీకించడమంటే, చెంబు కడిగి పెట్టడమన్నట్టు అంది. నాకు నవ్వొచ్చింది. లెక్క నాదే కావచ్చు, దాన్ని ఊరి చేత ఒప్పించే గుండె నాకు లేదు. ఇప్పటికీ లేదు.

ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక, లైను మీద వాళ్ళందర్నీ దిమ్మె దగ్గరికి పిలిచింది. అందరూ వచ్చారు. రాకపోతే ఇంటికొచ్చి అడుగుతుందని తెలుసు. నాన్న కూడా వచ్చి వెనకగా నిలబడ్డాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. కొందరు తలూపారు, కొందరు ఆవులించారు. ఒకాయన "మరి మనోడు మోటారేసిండని పైవోడికెట్టా తెలిసిద్ది? ఫోన్లున్నయ్యా మనకి?" అన్నాడు. మంచి ప్రశ్నే. అత్త ముందే ఆలోచించుకొచ్చింది. "నీళ్ళు తొట్లో పడంగానే గడకి గుడ్డ కట్టి పైకెత్తండి. అది చూసి పైవోడు ఏసుకుంటాడు. వాడిది లెగిసినాక వాడెత్తుతాడు. చేలు చదునుగా ఉన్నయ్, మిరప నడుమెత్తు లేదు, కనపడకేం?"

అందరి కళ్ళూ కోటయ్య మీదికి పోయాయి. పెద్ద రైతు, మొదటి మోటారు. ఈ లెక్కన ఆఖర్న వేసేది ఆయనే.

"నా మోటారు దిమ్మె పక్కనే ఉంది. నాది ఎప్పుడేసినా లెగిసిద్ది" అన్నాడు. "నేనెందుకు ఆగాల సువార్తమ్మా?"

"ఫ్యూజు పోతే నీది గూడా ఆగిద్దిగదన్నా."

"పోతే మళ్ళీ ఏపిచ్చుకుంటా."

అత్త బతిమాలుతుందని అనుకున్నాను, లేదా అరుస్తుందని. రెండూ చెయ్యలేదు. మామూలు గొంతుతోనే అంది. "ఈ పంట ఎండితే మా మరుదులు చేను తీసుకుంటారన్నా. పెద్దల ముందు మాటిచ్చినా. తర్వాత బతికినంతకాలం మా అన్న ఇంట్లో కూడు తింటా కూచోవాల. నీకు పోయేది కాసింత సేపు. నాకు పోయేది చేను. నువ్వే చెప్పు."

కోటయ్య భుజం మీద తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు. "రేపొక్కరోజు చూద్దాం" అన్నాడు. "కుదరకపోతే మళ్ళీ నా కాడికి రావాకు." నాన్న తలొంచుకుని ఇంటిదారి పట్టాడు. దారిలో అత్త గబగబా నడిచి ఆయన్ని కలుసుకుంది. "నీ కూడు చేదని కాదన్నయ్యా" అంది. "తెలుసులేమ్మా" అన్నాడు నాన్న. అని, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఈసారి పొయ్యి పొగ లేదు, మిరప ఘాటు లేదు.

మర్నాడు కరెంటు పొద్దున వంతు. కరెంటు వచ్చేసరికి అత్త బావి దగ్గర బిందెతో సిద్ధంగా ఉంది. నీళ్ళు పోసి, డబ్బా మీద చెయ్యి పెట్టి, "చిక్కంగా ఉందే" అంది. ఆ రోజు తప్పలేదు. బొత్తాం నొక్కి వేలు తీసింది. పట్టుకుంది. మోటారు మూలగలేదు, ఒక్క ఊపులో లేచింది. గొట్టం దగ్గి, నురగ కక్కి, నీళ్ళు తొట్లో పడ్డాయి. అత్త రేకు పెట్టెలోంచి తెచ్చిన మామయ్య గళ్ళ లుంగీని వెదురు గడకి కట్టి పైకెత్తింది. కాసేపటికి పై చేనులో ఒక తెల్ల తువ్వాలు లేచింది. ఇంకాసేపటికి దాని పైన ఎవరిదో పాత చీరముక్క. ఒక్కొక్క గుడ్డ లేచినప్పుడల్లా మా మోటారు గొంతు కాస్త దిగేది, మళ్ళీ ఎక్కేది. దిగిన ప్రతిసారీ అత్త నా మణికట్టు నొక్కేసేది. చివరికి దిమ్మె దగ్గర కోటయ్య తలగుడ్డ లేచింది. ఆయనది పెద్ద మోటారు. మా మోటారు గొంతు బాగా దిగిపోయింది. డబ్బాలో పలక జుయ్యిమంది. ఇక వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. గొంతు మెల్లగా మళ్ళీ పైకెక్కింది. మామయ్య పోయిన రోజున కూడా ఏడవని మనిషి పిల్లకాలవ గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే, "చూత్తావేందే, చేలోకి మడవ తియ్యి" అంది నాతో.

తర్వాత ఎంఎస్సీ చదివాను, పాఠాలు చెప్పాను. వోల్టేజీని బట్టి తెరుచుకుని మూసుకునే స్విచ్చులని వలలా అల్లితే అందులో కరెంటు ఏ దారిన పోతుందనేది పెద్ద శాస్త్రమని అప్పుడు తెలిసింది. మన నరాల్లో ఉన్నవీ అలాంటి తలుపులేనట. పక్కదాని వోల్టేజీ చూసి ఒకటి తెరుచుకుంటుంది, దాన్ని చూసి ఇంకొకటి. అలా ఒక సంగతి కాలివేలి నుంచి తలదాకా పోతుంది. అన్నీ ఒక్కసారి తెరుచుకుంటే మూర్ఛ వస్తుంది. ఈ పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద ఎన్ని బొమ్మలు గీసినా నా కళ్ళముందు ఆడేవి ఆ గడల మీది గుడ్డలే. ప్రతి స్విచ్చూ తన గుమ్మం ముందున్న వోల్టేజీ ఒక్కటే చూసుకుంటుంది. అది తీసుకునే నిర్ణయం మాత్రం అందరి గుమ్మాల ముందూ వోల్టేజీని మార్చేస్తుంది. ఇంత గొప్ప సంగతిని మా ఊరివాళ్ళు గుడ్డముక్కలతో అదుపులో పెట్టారని చెబితే పిల్లలు నవ్వేవారు. నవ్వనిచ్చేదాన్ని. నాకు మాత్రం గర్వంగా ఉండేది, ఇప్పటికీ ఉంది.

ఇప్పుడా లైను లేదు. రెండు మూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు. పగలే కరెంటు ఇస్తున్నారు. సెల్‌ఫోన్ నొక్కితే ఇంట్లో మంచం మీంచే మోటారు లేస్తుంది. మంచిదే. పాత రోజులే బాగుండేవని నేను అనను. బిందెలు మోసినవాళ్ళెవరూ అనరు. కానీ దిమ్మె దగ్గర నిలబడి అత్తని, "ఇప్పుడు హాయి కదత్తా, ఎవరికోసం ఎవరూ ఆగక్కర్లేదు" అన్నాను. "హాయే" అంది. "పక్కోడు చేలో ఉన్నాడో, జొరమొచ్చి పడుకున్నాడో గూడా తెలవట్లా." ఆ రోజుల్లో ఎవరి గుడ్డయినా లేవకపోతే కింది చేను వాళ్ళు పనాపి చూసొచ్చేవారు. కోటయ్యకి గుండెనొప్పి వచ్చినప్పుడు ఆయన్ని గురజాల ఆసుపత్రికి చేర్చింది, తలగుడ్డ లేవలేదేమని వెళ్ళిన పక్క రైతే. ఈ సంగతి అత్త అన్నం పెడుతూ చెప్పింది, ఎవరినీ తప్పుపట్టకుండా.

ఆ పంట సంగతి చెప్పలేదు కదూ. మొదటి కోత కల్లంలో ఎర్రగా ఎండుతోంది, చెట్ల మీద రెండో కాపు ఉంది. ఈస్టరుకి నేనూ ఇంటికొచ్చాను. ఒకరోజు ఏసుపాదం, తమ్ముణ్ణీ సంఘ పెద్దాయన్నీ వెంటబెట్టుకుని చేను దగ్గరికి వచ్చాడు. పడమటి వైపు పోయిన సాళ్ళని మళ్ళీ ఒకసారి చూశాడు. "కష్టపడ్డావొదినా, కాదన్ను. పూర్తి పంట మాత్తరం కాదు గదా. అందుకని వచ్చే ఏడు..." అన్నాడు.

అంతలో మోటారు కొట్టంలో బల్బు వెలిగింది. త్రీఫేజు వచ్చింది.

"ఉండబ్బాయ్" అంది అత్త, అప్పటికే బిందె చంకనేసుకుంటూ. "నేను ఎయ్యందే పైవోళ్ళెవురూ ఎయ్యరు. అంతా నాకోసం చూత్తంటారు."

నీళ్ళు పోసింది. బొత్తాం నొక్కింది. లుంగీ పైకి లేచింది. ఏసుపాదం తలెత్తి దాన్ని చూశాడు. అన్న లుంగీని గుర్తుపట్టాడు. అక్కణ్ణుంచి ఆయన కళ్ళు పై చేనుకి పోయాయి, ఆ పై చేనుకి, అలా ఒక్కొక్క గుడ్డ వెంటే పోయి, దిమ్మె దగ్గర కోటయ్య తలగుడ్డ మీద ఆగాయి. సంఘ పెద్దాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అత్త చేతులు కొంగుకి తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

"ఆఁ, వచ్చే ఏడు ఏందబ్బాయ్?"

"ఏం లేదొదినా. వచ్చే ఏడు మా లైను గూడా ఇట్టా నువ్వే సర్దిపెట్టాల" అన్నాడు ఏసుపాదం.

"పెడతాలే" అంది అత్త. "ముందా మడవ మార్చు, నీళ్ళు పక్కకి పోతన్నయ్."

ఏసుపాదం చెప్పులు గట్టు మీద విడిచి, పంచె పైకి ఎగ్గట్టి, వదిన చేనులో బురదలోకి దిగాడు.